మూడో కౌంటరు ముఖం

ఆవిడ కనుబొమలు పుట్టుకతోనే ముడిపడి ఉన్నాయి. పెదవుల కొసలు కిందికి వాలి ఉంటాయి. మనసులో ఏమున్నా, ముఖం మాత్రం ఎవరినో చెడామడా తిట్టి ఇప్పుడే వచ్చి కూర్చున్నట్టుంటుంది. పెళ్లి ఫొటోలు చూసిన చుట్టాలంతా పెళ్లికొడుకుని పక్కకి పిలిచి, “అమ్మాయికి ఇష్టమేనా నాయనా?” అని అడిగారు.

జనన మరణ ధ్రువపత్రాలిచ్చే ఆఫీసులో పదకొండేళ్లుగా మూడో కౌంటరు ఆవిడదే. కాగితంలో అక్షరం తేడా ఉన్నా ఇట్టే పట్టేసేది. “ఇక్కడ ఇంటిపేరు తప్పు పడిందండీ, ఇప్పుడే దిద్దించుకోండి, మళ్లీ తిరగక్కర్లేదు” అని చెప్పేది. వినేవాళ్లకి అది కసురుకున్నట్టే ఉండేది. తోటివాళ్లు చాటుగా ‘ముటముట’ అని పేరు పెట్టారు. ఫిర్యాదుల పుస్తకంలో సగం పేజీలు ఆవిడ మీదవే.

“కాస్త నవ్వమ్మా! నవ్వితే నీ సొమ్మేం పోతుంది?” అనేవాడు ఆఫీసరు.

అదీ చేసి చూసింది. వారం రోజులు అద్దం ముందు నిలబడి నేర్చుకుని, కౌంటర్లో నవ్వింది. ఎదురుగా ఉన్న బాలింత బిడ్డని గట్టిగా హత్తుకుని పక్క వరసలోకి మారిపోయింది.

ఒక శుక్రవారం దవడ పన్ను సలుపు మొదలైంది. సెలవు దొరకలేదు. బుగ్గ బూరెలా ఉబ్బి, పెదవి కొస పైకి లేచింది. కళ్లలో నీళ్లు. పని మీద ధ్యాసే లేదు. మనవరాలి పుట్టిన తేదీ దిద్దించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన కాగితాలైనా విప్పకుండా, “సోమవారం రండి” అని తిప్పి పంపేసింది.

“చల్లటి తల్లివమ్మా! ఎంత నవ్వుమొహం!” అంటూ వెళ్లి ఆయన ఫిర్యాదుల పుస్తకంలో మెచ్చుకోలు రాశాడు.

సాయంత్రం ఆఫీసరు ఆ పేజీ పట్టుకుని వచ్చాడు. “ఇన్నాళ్లూ నేను మొత్తుకున్నది ఇదే కదమ్మా!”

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. నొప్పినీ లెక్కచేయకుండా నోరు తెరిచింది.

“సార్, ఇవాళ నేను చేసిందంతా చెత్త పని. ఆయన కాగితాలు ముట్టుకోనైనా లేదు. ఆ పుస్తకం మొదటినుంచి చదవండి. పని జరగలేదని ఒక్కరైనా రాశారా?”

ఆఫీసరు పేజీలు తిప్పాడు. ‘గుర్రుగా చూసింది’, ‘మూతి ముడిచింది’, ‘మొహం మాడ్చుకుంది’.

“లేదనుకో… అయినా జనానికి మొహం కూడా కావాలి కదమ్మా” అని నసిగాడు.

“అయితే మొహాన్నే ఉద్యోగంలో పెట్టుకోండి. చేతులు నేను ఇంటికి పట్టుకుపోతాను.”

సోమవారానికి వాపు దిగింది, ముఖం మళ్లీ తన దారికి వచ్చింది. పెద్దాయన్ని చూడగానే ఆవిడే ముందు పిలిచింది. తేదీ దిద్దించింది, సంతకాలకి పైఅంతస్తుకి తనే వెళ్లొచ్చింది. అరగంటలో పత్రం చేతిలో పెట్టింది.

“మొన్న బాగానే ఉన్నావు కదమ్మా? నా మీద ఎందుకింత కోపం?” అన్నాడాయన బిక్కమొహం వేసి.

“కోపమేం లేదు బాబాయ్, నా మొహమే అంత. తేదీ సరిగా ఉందో లేదో చూసుకోండి.”

ఆయన నమ్మలేదు. తిన్నగా వెళ్లి ఫిర్యాదుల పుస్తకం అడిగాడు. ఆఫీసరు పుస్తకం తెరిచి, పెన్ను అందించాడు. “పని అయిందో లేదో కూడా రాయండి” అన్నాడు.

పెద్దాయన కాసేపు తల గోక్కుని, ‘పని అయింది. మొహం బాలేదు’ అని రాసి వెళ్లిపోయాడు.

ఆఫీసరు తెచ్చి చూపించాడు. ఆవిడ చదివి, నిట్టూర్చి, పుస్తకం పక్కకి తోసింది.

“తర్వాత ఎవరండీ?”