కొత్తపేటలో నేను జరిపించిన సీమంతం

ఒక పెద్దమనిషి భార్యకి, యాభై నాలుగేళ్ల వయసులో, ఆవిడకి మాటమాత్రమైనా చెప్పకుండా నేను సీమంతం జరిపించాను. కంగారుపడకండి. ఈ ఘోరంలో నేను చేసిందల్లా కంప్యూటరు మీద ఒక మీట నొక్కడమే.

అప్పట్లో మొబైల్ ఫోన్లు కొబ్బరితోటల్లోకి కొత్తగా దిగుతున్నాయి. అమలాపురంలో ఒక మందుల షాపు మేడ మీద మా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. కంపెనీ అంటే యజమాని రాజుగారు, సుజాతగారు, నేను, తిరిగినప్పుడు ఒక ఫ్యాను. ఉన్న ఒకే ఒక్క ఆర్డరు కొత్తపేట కొబ్బరి వ్యాపారి వెంకట్రావుగారిది. ఏ తోటలో కాయల దింపు ఎప్పుడో, లారీ ఎన్నింటికొస్తుందో రైతులందరి ఫోన్లకీ ఒకేసారి మెసేజీ వెళ్లే ప్రోగ్రాం కావాలన్నారు. ఈ ఆర్డరు పోతే కంపెనీ మూసేసి రొయ్యల చెరువు తవ్వుకుంటానని రాజుగారు ముందే చెప్పేశారు. చెరువులో నాకేం ఉద్యోగం ఇస్తారు? నాకు ఈత కూడా రాదు.

ప్రోగ్రాం రాస్తే సరిపోదండీ. అందులో ఒక్కో ముక్కా సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న చిన్న పరీక్షలూ రాయాలి. వాటిని యూనిట్ టెస్టులంటారు. సుజాతగారు నలభై రాశారు. రోజూ నోటుబుక్కులో జాబితా చూసుకుంటూ ఒక్కోదాన్నీ చేత్తో నడిపి, పక్కన టిక్కు పెట్టుకునేవారు. అది చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇంజనీరింగు పాసైన పొగరు ఇంకా తడారని రోజులు.

"ఎందుకండీ ఈ చాకిరీ? టెస్టు అని పేరున్న ఫైలు ఏ మూల నక్కినా దానంతటదే వెతికి పట్టుకుని, అన్నిటినీ వరసపెట్టి నడిపేసేది ఒకటి రాసేస్తాను. మీరు మీట నొక్కి టీ తాగడమే."

"వద్దండీ మూర్తిగారూ. అన్నీ నడపకూడదండి."

"టెస్టన్నాక నడపాలండి" అన్నాను, ఆవిడకి పాఠం చెబుతున్నట్టు.

శనివారం ఆవిడ టిఫినుకి వెళ్లగానే నొక్కేశాను. పేర్లు జరజరా పైకి పాకాయి. నలభై ఒకటీ పాసు! ఆవిడకి దొరికినవి నలభై, నాకు దొరికినవి నలభై ఒకటి. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆవిడ రాగానే చెప్పాను.

"ఆ నలభై ఒకటోది ఎక్కడిదండీ?" అన్నారు సుజాతగారు.

"'ముట్టుకోవద్దు' అనే ఫోల్డరులో దాక్కుందండి. పట్టేసేను."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "అది నిజంగా మెసేజీలు పంపేదండీ బాబూ! వెంకట్రావుగారిచ్చిన రెండొందల నంబర్లూ అందులోనే ఉన్నాయి!"

"ఏం మెసేజీ అండీ?"

"'రేపు పగలు పదకొండింటికి మా ఇంట మా ఆవిడ సీమంతం. సకుటుంబంగా వచ్చి భోంచేసి వెళ్లాలి. ఇట్లు, వెంకట్రావు, కొత్తపేట.'"

"సీమంతమా! ఆవిడకి మనవలున్నారు కదండీ!"

"అందుకేనండీ అది రాసేను! పొరపాటున వెళ్లినా ఎవరూ నమ్మరని!"

రాజుగారి దగ్గరకి పరిగెత్తాం. రావద్దని ఇంకో మెసేజీ పెట్టేద్దామన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"భోజనానికి పిలిచి రావద్దంటామా? ఆయన కొత్తపేటలో తలెత్తుకు తిరగొద్దా? ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు, పొద్దున్నే మనమే వెళ్లి కాళ్ల మీద పడదాం. అయినా ఎవరు నమ్ముతారయ్యా? నమ్మినోళ్లు ఫోను చేసి అడుగుతారు."

మీరు మా వైపు వాళ్లయితే ఈపాటికి నవ్వుతూ ఉంటారు. మా దగ్గర భోజనానికి పిలుపొస్తే ఎందుకని ఎవరూ అడగరు. అడిగితే పిలిచినాయన నొచ్చుకోడూ?

మర్నాడు మా బస్సు దారిలో చెడిపోయింది. మేం చేరేసరికి ఇంటి ముందు స్కూటర్లు, ఆటోలు, ఒక ట్రాక్టరు. ఆడవాళ్ల చేతుల్లో చలిమిడి, పూలు, ఆకుపచ్చ గాజులు. వెంకట్రావుగారు బనీనుతో గుమ్మంలో నిలబడి, ఎందుకొచ్చారో తెలియకుండానే అందరికీ దణ్ణం పెడుతున్నారు. "ఆయ్! రండి, రండి. కాళ్లు కడుక్కోండి."

ఒక ముసలాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "దేవుడి దయండీ. వయసుదేవుందండీ!"

"ఆయ్" అన్నారు వెంకట్రావుగారు. ఆయనకీ ఒక దణ్ణం పెట్టారు.

పక్కకి తీసుకెళ్లి సంగతంతా చెప్పాం. ఆయన మొహం కందగడ్డయింది. ఆర్డరు పోయిందనుకున్నాను. రాజుగారు కళ్లు మూసుకున్నారు, చెరువు కనిపించినట్టుంది.

"వచ్చినోళ్లకి ఇప్పుడేం చెప్పమంటారండీ? పొరపాటండీ, వెళ్లిపోండని అంటానా?" అని, పెరట్లోకి తిరిగి కేకేశారు. "ఒరేయ్! వంటకి గాడిపొయ్యి తవ్వండ్రా!"

నన్ను కొబ్బరి కోరడానికి కూర్చోబెట్టారు. అంతలో ఆయన భార్య సత్యవతిగారు వంటింట్లోంచి వచ్చారు. లేచి నిలబడి, కోరాం చేత్తో పట్టుకునే, నేరం ఒప్పుకున్నాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆగింది.

"ముగ్గుర్ని కన్నాను బాబూ. ఒక్కసారీ నాకు సీమంతం చెయ్యలేదు. మూడుసార్లూ గోదారి వరదే. ఆ కుర్చీ ఇలా వెయ్యండి."

పచ్చ పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. కోడళ్లు గాజులు తొడిగారు. మనవలు చుట్టూ చేరి చలిమిడి తింటూ, పుట్టేది బాబాయా అత్తా అని వాదించుకున్నారు. ఆవిడ మొహం చూస్తూ నేను కొబ్బరి కోరడం మర్చిపోయాను. వెధవ పని చేసినవాడికి అంత సంతోషం దక్కకూడదు, కానీ దక్కింది.

విస్తళ్లు తీశాక వెంకట్రావుగారు పిలిచారు. "రెండొందల మందికి పంపితే రెండొందల ఇళ్లోళ్లూ వచ్చేరండి. ప్రోగ్రాం బ్రహ్మాండంగా పనిచేస్తంది. మా కొట్లో పెట్టేయండి."

కంపెనీ నిలబడింది. కథ కూడా ఇక్కడితో ఆగితే నేను గొప్పవాణ్ణే.

ఆరు నెలల తర్వాత, మెసేజీలు మా దగ్గర్నుంచే వెళతాయని ఎవరో చెప్పగా, ఒక రైతుగారు మా మేడ మెట్లెక్కి వచ్చారు. చంకలో బుల్లి వెదురు ఉయ్యాల. కూర్చోమంటే కూర్చోలేదు. ఫ్యాను వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"వెంకట్రావుగారింట్లో బారసాల అయిపోయిందాండీ? అందరికీ మెసేజీ వచ్చి మాకొక్కరికే రాలేదేమోనండి. మా వల్ల ఏవైనా తప్పు జరిగిందాండీ?"

ఆ పూటే సుజాతగారి సమక్షంలో, ఉయ్యాల మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ టెస్టునీ దాని ఊరూ పేరూ, చుట్టాలూ పక్కాలూ, వాళ్లలో ఎవరెవరు భోజనానికొస్తారో విచారించకుండా నడపను. నడిపితే ఆ పుట్టని బిడ్డకి నా పేరే పెట్టండి.