నరసమ్మత్త గొంతుని నాన్న బాగుచేసిన రోజు

ముంచింగిపుట్టు సంతలో బస్సు విజిల్‌కి కదిలేది కాదు, మా చిన్నప్పుడు... మా నరసమ్మత్త కేకకి కదిలేది!

మా నాన్నది మైకుసెట్ల దుకాణం. అత్త ఆయనకి అక్క, "అప్పా" అని పిలిచేవాడు. తప్పిపోయిన మేక దగ్గర్నుంచి ఆఖరి బస్సు దాకా సంతలో మైకు మీద చెప్పేది ఆవిడే. "బస్సెల్లిపోతందర్రోయ్..." అని ఒక్కసారి అంటే చాలు, పసుపు మూటలూ కోళ్ల గంపలూ నెత్తికెత్తుకుని కొండజనం పరుగు తీసేవారు. అది తప్పితే ఇల్లు చేరే దారి లేదు మరి.

ఆ యాంప్లిఫయరు వాల్వులది. గాజుబుడ్డి లోపల కుంపట్లో నిప్పులా తీగ ఎర్రగా వెలుగుతుండేది... చలికి దాని దగ్గరే చేతులు కాచుకునేవాళ్లం. దాని మీద ఆరేసిన నా బనియను ఒకటి కాలిపోయింది. ఆ కథ వేరు.

నాన్న ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాత రేడియోలు విప్పి నేర్చుకున్నాడు. మైకులో గొంతు బొంగురుగా, చిరిగినట్టు రావడం ఆయనకి నామోషీ. ఓ వారం కూర్చుని, బయటికొచ్చే శబ్దంలో కాస్త వెనక్కి తిప్పి మళ్లీ లోపలికి పంపే ఏర్పాటు చేశాడు. ఎక్కడ తేడా వస్తే అక్కడ అదే దిద్దుకుంటుందట. నిజంగానే బొంగురు పోయింది. అత్త గొంతు కడిగిన ముత్యంలా వచ్చింది. మేం చప్పట్లు కొట్టాం.

ఆ సంతరోజు అత్త పిలిచింది... ఒక్కరూ తలెత్తలేదు. మళ్లీ పిలిచింది. ఎక్కడి బేరాలు అక్కడే. బస్సు ఖాళీగా వెళ్లిపోయింది!

దుమ్ము లేచాక జనం లేచారు. "ఏటి నరసమ్మా, పిలవకుండానే బస్సు పంపీసినావేటి?" అని మీదికొచ్చాడు పసుపమ్మే ముసలి సోమన్న.

"గొంతు సించుకున్నాను కదయ్యా!"

"అదెవలో రేడియోలో గుంటపిల్ల మాటాడినట్టుంది. నీ గొంతు మాకు తెల్దేటి?"

అత్త మైకు కింద పెట్టి నాన్న వైపు తిరిగింది.

"నా గొంతుని ఏటి సేసినావురా?" అంది నాన్నతో.

"అప్పా, నీ గొంతు ఇదే. ఇన్నాళ్లూ మెషీనే పాడుసేసింది."

"అయితే ఆ పాడుదే నాకిచ్చీ!"

బస్సు తప్పినవాళ్లంతా మా దుకాణం అరుగు మీదే. అత్త వాళ్లకి గంజి కాస్తుంటే, నాన్న టంకం కరిగించి కొత్త తీగలన్నీ పీకేశాడు. పై వారం సంతకి మొదటి కేకకే బస్సు నిండిపోయింది.

ఇప్పుడు నేనూ అడిగినవాళ్లకి వాల్వు యాంప్లిఫయర్లు కట్టి ఇస్తుంటాను. "డిస్టార్షన్ ఉండదు కదా?" అంటారు ముందే, ఆ బొంగురు గురించే. ఒక స్వరానికి దాని పై స్థాయి కాస్త తోడైతే చెవి దాన్ని తప్పనుకోదండీ, నిండుగా ఉందనుకుంటుంది... అని నేనంటే నన్ను అనుమానంగా చూస్తారు.

మొన్న నాన్న పాత యాంప్లిఫయరు పెట్టెను మళ్లీ పలికించి, అత్త మనవరాలికి మైకిచ్చాను. ఆ పిల్ల నవ్వుతూ "బస్సెల్లిపోతందర్రోయ్..." అంది.

వసారాలో కునుకుతున్న అత్త దిగ్గున లేచింది. చెప్పుల కోసం కాళ్లతో తడుముకుంది. మైకు ఎవరి చేతిలో ఉందో చూసి బిత్తరపోయింది.

"ఒసే గుంటా... నా గొంతు నీకెవలిచ్చినారే?"

అంత జనాన్ని పరుగెత్తించింది అత్త గొంతే అనుకున్నాం ఇన్నేళ్లూ... అందులో ఆ పెట్టె గొంతూ ఉందన్నమాట.

ఇప్పుడు సంతలో రికార్డు చేసిన గొంతులు. అక్షరం అక్షరం తేటగా వినిపిస్తాయి. ఎవరూ తలెత్తరు... మిమ్మల్ని చటుక్కున లేపి నిలబెట్టిన గొంతు మీ ఊళ్లో ఎవరిది? బొంగురైనా పర్లేదు, చెప్పండి...