దూడకు పెట్టిన పత్తిగింజలు

2022లో పర్చూరు వైపు ఒక పల్లెలో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. పత్తి తీతలు అయిపోయిన రోజులు. ఏ కొట్టంలో చూసినా కుడితితొట్టి పక్కన నానబెట్టిన పత్తిగింజలు ఉండేవి.

మంగమ్మగారికి ఉన్నది ఒక్క ముసలి గేదె. దానికది ఆఖరి ఈత, పుట్టింది పెయ్యదూడ. "ఇది బతికితేనే మా గేదె వంశం నిలిచేది డాక్టరుగారూ" అనేవారు. పాలు పలచబడ్డాయని ఒకరోజు దారిలో నన్ను ఆపితే, "పత్తిగింజలు రుబ్బి పెట్టండమ్మా, చిక్కబడతాయి" అన్నాను. బండి దిగకుండానే చెప్పాను. సలహా ఇవ్వడంలో నాకు అంత దూకుడు.

నెలన్నర తర్వాత కబురొచ్చింది. మూడు నెలల దూడ మెడ చాపి రొప్పుతోంది. నేను సూది సిద్ధం చేసేలోపే ప్రాణం పోయింది. పోస్ట్‌మార్టం చేస్తే ఛాతీలో నీరు నిండి, గుండె వాచి ఉంది.

"దీనికేం పెట్టారమ్మా?"

"తల్లికి పెట్టిందేనయ్యా. మెత్తగా రుబ్బి, ముందు దీనికే పెట్టేదాన్ని."

"గాసిపాల్" అన్నాను.

"అదేం రోగమండీ?"

రోగం కాదు. శాస్త్రంలో పత్తి మొక్క పేరు గాసిపియం. దాని గింజలోని పసుపు పదార్థం ఫీనాల్ జాతిది. అందుకే మొక్క పేరుకు ఫీనాల్‌లోని 'ఆల్' తోక తగిలించి గాసిపాల్ అన్నారు. పురుగులు తినకుండా మొక్క చేసుకునే విషమది. పెద్ద గేదె పొట్ట దాన్ని చాలావరకు విరిచేస్తుంది, పసిదూడ పొట్టకు ఆ శక్తి ఉండదు. ఇదంతా ఆవిడకు విడమరిచి చెప్పాను.

దూడ మెడతాడు చేతికి చుట్టుకుంటూ విన్నారు. "అంటే మన చేలో పత్తేగా" అన్నారు. "పెద్దదానికి బలమైతే పసిదానికి ఇంకా బలమనుకున్నాను. ఆ రోజే ఒక్కమాట చెప్పకపోయారా అయ్యా?"

ఆ పేరు నాకు కాలేజీ రోజుల నుంచీ తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆవిడ నన్ను నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం దూడ కనపడక గేదె చేపలేదు. పొదుగు నుంచి చుక్క దిగలేదు. మంగమ్మగారు ఖాళీ చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నారు. పాలు చిక్కబడాలని సలహా ఇచ్చింది నేనే.

ఇప్పుడు ఎవరు పత్తిగింజల మాటెత్తినా బండి దిగుతాను. ముందు దూడ ఎక్కడుందో చూపించమంటాను.