మేము లావెక్కడానికి కారణాలు

కృపమ్మది శిరివెళ్ల. నంద్యాలలో మా మిషన్ హాస్టలుకు వంటమనిషిగా వచ్చేనాటికి ఆమెకు నలభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. వంట తప్ప ఇంకో పని రాదని ఆమే చెప్పుకునేది. గరిటె పట్టుకుందంటే మాత్రం కలెక్టరైనా పక్కకు జరగాల్సిందే. ఆమె వచ్చిన ఏడాదికే, అంటే 1978లో, హాస్టల్లోని నలభై రెండు మంది ఆడపిల్లలం లావెక్కాం.

లావంటే మరీ అంత లావు కాదు. బుగ్గలొచ్చాయి, యూనిఫారాల కుట్లు తెగాయి. కానీ మాకు సాయం పంపే దూరదేశపు దొరలకు ఏటా మా ఫోటో పంపాలి. ఆ ఏడు ఫోటో చూసి మేనేజరు ఆనందరావు సారుకు చెమటలు పట్టాయి.

"ఇది సూసినారంటే వాళ్లే మనల్ని దుడ్లు పంపమంటారు" అన్నాడు.

మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఎందుకు లావెక్కారో మీరే చెప్పమన్నాడు. తప్పు వంటింటిదని తేలితే కృపమ్మను పంపించేస్తానన్నాడు.

కారణం మాకు తెలుసు. మా క్రైస్తవుల ఇళ్లల్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తారు. ఊరూరా అట్లా పోగైన బియ్యం మూటలు మా హాస్టలు గదికి చేరేవి. కోతల పండగకు వాటిని వేలం వేసి గుడి ఖర్చులకు వాడాలి. ఆ సంగతి కృపమ్మకు ఎవరూ చెప్పలేదు. దేవుని బియ్యం పిల్లల హాస్టలుకు పంపారంటే వండమనే కదా అనుకుంది పాపం. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, కొర్రలు కలిసిన ఆ అన్నం మూడు రంగుల్లో ఉడికేది. మేము మూడేసిసార్లు పెట్టించుకునేవాళ్లం.

కాబట్టి ఎవరమూ వంటింటి మాట ఎత్తలేదు. పదో తరగతి దెబోరా ముందుకొచ్చింది.

"యూనిఫారాలు వదులుగా కుట్టిస్తాండారు సార్. గుడ్డ ఖాళీగుంటే ఒళ్లు పెరిగి నిండుకుంటాది."

సారు రాసుకున్నాడు. లూదియా పాటల మీదికి తోసింది. "రెండుపూట్లా కీర్తనలు పాడతాండాం. గాలి లోపలికి పోతాంది, బయటికి రాల్యా." ఒకమ్మాయి కుందూ ఏటి నీళ్ల వల్లంది. ఇంకొకమ్మాయి, బట్టీ పట్టిన బైబిలు వాక్యాలు ఒంట్లోనే యాడో ఒకచోట ఉండాల గదా సార్ అంది. దీనికి సారు తలూపడం నేను కళ్లారా చూశాను.

బి.ఏ. చదివినవాడు గదా, అన్నిటికీ విరుగుడు కనిపెట్టాడు. యూనిఫారాలు బిగించి కుట్టించాడు. కీర్తనలు పెదవులు మాత్రం కదిపి పాడమన్నాడు. ఆదివారం నలభై రెండు నోళ్లు చప్పుడు లేకుండా ఆడుతుంటే, ముసలి పాస్టరు శాంతయ్యగారు తనకు చెవుడొచ్చిందని ఏడ్చాడు. వాక్యాలు మరిచిపోవడానికి సారు సాయంత్రం ఒక గంట కేటాయించాడు. అయినా మేము తగ్గలేదు. చివరికి పొద్దున్నే పరుగులు పెట్టించాడు. పరిగెత్తి వస్తే ఆకలేసేది, ఆకలైతే కృపమ్మ ఇంకో గరిటె వేసేది.

ఆ బిగుతు బట్టల్లో పరిగెత్తలేక నేను రెండుసార్లు పడ్డాను. మోకాళ్లు చెక్కుకుపోయాయి. మూడోసారి పడిన రోజు ఒళ్లు మండి, "కారణం కృపమ్మ. దేవుని బియ్యం వండుతోంది" అని చీటీ రాసి సారు బల్లమీద పెట్టాను. పేరు రాయలేదు. సాయంత్రానికి ఆమె సంచి సర్దుకుంది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదని చెప్పాలని ఉంది. కానీ తిన్నాను.

పదేళ్లకు ఆళ్లగడ్డలో టీచరుగా చేరాను. ఇందుమతి అనే షావుకారి భార్య ఇంటికి ఏదో పనిమీద వెళితే, పెరట్లో కృపమ్మ అంట్లు తోముతూ కనిపించింది. దేవుని బియ్యం వండుకుతిన్న మనిషని ఎవరూ ఆమెను వంటకు పెట్టుకోలేదట. పక్కనే గొంతుక్కూచుని, "ఆ చీటీ రాసింది నేనే అత్తా" అన్నాను.

"చీటీ ఏందీ?" అంది.

చెప్పాను. ఆమె గిన్నె తోమడం ఆపలేదు.

"అదేం ల్యాదు మే అరుణా. నువ్వు పడి లెయ్యల్యాక ఏడుస్తాంటే సూసినా. అప్పుడే సార్ కాడికి పోయి, మూటల బియ్యం వండింది నేనే, పిల్లోళ్లను ఉరికించొద్దండని చెప్పినా. నీ చీటీ ఆయప్ప సూసినాడో ల్యాదో."

పదేళ్లు మోసిన బరువు దిగిపోవాలి. దిగలేదు. నా మోకాళ్ల కోసం నేనామెను పట్టిస్తే, అవే మోకాళ్ల కోసం ఆమె తన నోటికాడి కూడు వదులుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఇంటికి వచ్చేయమన్నాను, వంటకు.

ఆమె చేతులు ఆగాయి. మొహం వెలిగింది.

"ఎంతమందికి?" అంది.

"నా ఒక్కదానికే."

"ఒక్కరికి వండేది నాకు చేతగాదు మే" అని ఇంకో గిన్నె అందుకుంది.