పేకముక్కల స్టాక్ రిజిస్టర్

నేను దూరవిద్యలో డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో మొదటివాణ్ణి. కరోనా కాస్త తగ్గిన ఏడాది, ఫలితం ఫోన్‌లో చూసిన మధ్యాహ్నం, దుబాయ్ పక్కన అజ్మాన్‌లో మా గది దాకా ఎలా వచ్చానో గుర్తులేదు. చేతిలో అరకిలో జిలేబీ. స్టాటిస్టిక్స్ పేపరులో ఎనభై రెండు వచ్చాయన్న మాట నోట్లో ఆగడం లేదు.

ఆ సంతోషం తలచుకుంటే ఇప్పుడు నాకు రోత.

గదిలో మా పక్క ఊరి అన్న ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే గోడౌన్. ఆయన కంటైనర్లు దింపే లోడర్, నేను స్టాక్ రాసే గుమాస్తాను. డబ్బాలు మోసీ మోసీ ఆయనకు నడుము పోయింది. డ్రైవర్ అయితే కూర్చుని పని చేసుకోవచ్చని లైసెన్స్ క్లాసులకు వెళ్తున్నాడు. రోడ్ టెస్ట్ రెండుసార్లు తప్పాడు. మూడోసారికి కట్టాల్సిన డబ్బు కార్డులో ముట్టుకోకుండా ఉంచాడు.

"అన్నా, పాసైన!"

"అరె వారెవ్వా! మా తమ్మి సారయ్యిండు పో!" జిలేబీ నోట్లో పెట్టుకుని, వేళ్లు లుంగీకి తుడుచుకుని, పరుపు కిందినుంచి ఒక నోటుబుక్కు తీశాడు. "లెక్కల సదువు గదా నీది. ఇగ ఇది నువ్వే సూడాలె."

అందులో ఉన్నది ఫోన్‌లో ఆడే బ్లాక్‌జాక్ అనే పేకాట లెక్క. మన ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటకూడదు, పంచేవాడి కంటే ఎక్కువుండాలి. కట్టలో పెద్ద ముక్కలు ఎక్కువ మిగిలితే ఆడేవాడికి లాభం. డబ్బు పెట్టి ఆడుతూ ఇక్కడ దొరికితే జైలే. అన్న పైసా పెట్టకుండా ప్రాక్టీసు ఆటలాడి, పడ్డ ప్రతి ముక్కా రాసిపెట్టాడు. మేము డబ్బాలు లెక్కపెట్టే పద్ధతిలోనే, నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. పేజీలకు పేజీలు, ఒక్క కొట్టివేత లేదు.

"సూడు తమ్మీ, చిన్న ముక్కలు మస్తు దిగినయి. అంటే లోపల పెద్దయి మిగిలినట్టే గదా. గప్పుడు గట్టిగ పెడితే ఖలాస్, టెస్టు ఫీజు మీద ఇంకో పది క్లాసులు ఎల్తయి."

కంటైనర్‌లోంచి దింపింది దిగిపోయినట్టే, మిగిలిందే లోపల ఉంటుంది. లోడర్ లెక్క అది. నాది స్టాక్ గుమాస్తా బుర్ర. అదే లెక్క నాకూ సరిగ్గా తోచింది. ఓపెనింగ్, ఇష్యూ, బ్యాలెన్స్ అని గళ్లు గీసి పేకముక్కలకు స్టాక్ రిజిస్టర్ వేశాను. ఎప్పుడు ఇంకో ముక్క అడగాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఎక్కువ పెట్టాలో రంగులద్ది, ముదీర్, అంటే మా మేనేజరు, సీట్లో లేనప్పుడు ఆఫీసు ప్రింటర్‌లో తీశాను.

గదిలో వంట చేసే గోదావరి ఆయన తొంగిచూశాడు. "ఏవండీ పట్టభద్రుడు గారూ, పేకాటకి కూడా డిగ్రీ ఇత్తన్నారేంటండీ ఇప్పుడు?"

"నువ్ పప్పు సూస్కోవయ్యా, మాడుతుంది," అన్నాడు అన్న. అందరం నవ్వాం. తర్వాత అన్న ఊళ్లో ఉన్న వదినకు ఫోన్ చేసి, "మన తమ్మి సారు లెక్క గట్టిండు, ఈసారి లైసెన్స్ పక్కా" అన్నాడు. నేను పక్కనే కూర్చుని తెగ పొంగిపోయాను.

మంగళవారం ఎందుకో ఆ యాప్‌లో నియమాల పేజీ తెరిచాను. అడుగున సన్నటి అక్షరాలు. ప్రతి ఆటకూ ముక్కలన్నీ మళ్లీ వేసి కొత్తగా కలుపుతారట. లోపల ఏదీ తగ్గదు, ఏదీ మిగలదు. నా రిజిస్టర్ చిత్తుకాగితం.

చెబుదామనే గదిలోకి వెళ్లాను. అన్న ఆ కాగితాన్ని మంచం పక్క గోడకు, క్లాసులో ఇచ్చిన రోడ్డు గుర్తుల పట్టిక పక్కన అంటిస్తున్నాడు.

"సారూ, సక్కగుందా?"

"సక్కగుందన్నా," అన్నాను.

శుక్రవారం కార్డులో డబ్బు ఆటలోకి ఎక్కించాడు. నాణేలు గలగలమనే చప్పుడు, తెర మీద ఇకిలిస్తున్న బొమ్మపిల్ల. పోయిన ప్రతిసారీ 'దాదాపు గెలిచారు' అంటూ పూలు చల్లుతుంది. అన్న మాత్రం కాగితం మీద వేలు పెట్టి, నేను రాసింది రాసినట్టే ఆడాడు. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అంతా అయిపోయింది.

"పెద్ద ముక్కలు యాడవోయినయ్ తమ్మీ?"

అప్పుడు చెప్పాను. ఆయన కాగితం మీంచి వేలు తీశాడు. "అంటే మనం ఇటు దింపుతాంటె, వాడు ఎన్కనుంచి కంటైనర్ మల్ల నింపుతుండన్నట్టు."

"అవునన్నా."

"నీకెప్పుడు తెల్సింది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "మంగళారం," అన్నాను.

తిట్టలేదు. కొట్టినా బాగుండేది. కాగితం ఊడబెరికి, నాలుగు మడతలు పెట్టి నా పరుపు మీద పెట్టాడు. రోడ్డు గుర్తుల పట్టిక కూడా తీసేశాడు. పోయినదాన్ని నా జీతంలోంచి ఇస్తానంటే వినిపించుకోలేదు.

మర్నాడు గోడౌన్‌లో కంటైనర్ తలుపు తీశారు. యల్లా, యల్లా, తొందరగా కానీయండని ఎవరో అరుస్తున్నారు. అన్న నడుముకు పట్టీ బిగించుకుని ఒక వరస దింపి, రిజిస్టర్ పట్టుకున్న నా ముందుకొచ్చి, నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

"డెబ్బై రెండు డబ్బాలు సార్. రాసుకోండ్రి."

మళ్లీ ఎన్నడూ నన్ను తమ్మీ అనలేదు.