ఓపెనింగ్ ఎవరు దిగాలి?

నిన్న కాలేజీ నుంచి వస్తూ ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు కోసం హార్డ్‌వేర్ షాపులో ఆగితే, కౌంటర్ మీద విప్పి పెట్టిన కరెంటు టేపు చుట్ట నుంచి రబ్బరూ జిగురూ కలిసిన ఘాటు వాసన ముక్కుకు తగిలింది. ఇంకెవరికైనా అది వైరింగు పనిని గుర్తుచేస్తుందేమో. నాకు మాత్రం దుబాయ్ ఖుసైస్‌లో మేముండిన ఐదంతస్తుల బిల్డింగు, దాని వెనక ఖాళీ ఇసుక జాగా, చలికాలపు శుక్రవారం పొద్దున టెన్నిస్ బంతికి టేపు చుట్టి కొసను పళ్లతో తెంపే మా బాపు గుర్తొస్తారు. ఆ వెంటనే చెవుల్లో వాదన మొదలవుతుంది. ‘ఓపెనింగ్ ఎవరు దిగాలి?’ బాల్యమంటే అందరికీ వెన్నెలా, గోరుముద్దలూ తలపుకొస్తాయట. నా ఖర్మ, నాకేమో ఒక పనికిమాలిన చర్చ తలపుకొస్తుంది.

ఇప్పుడు ఇక్కడ పెరుగుతున్న పిల్లలకు చెప్తే నమ్మరు గానీ, మా చిన్నప్పుడు దుబాయ్‌లో సెలవంటే శుక్రవారమే. గురువారం సాయంత్రం నుంచే మెట్లమీద ప్రతి గుమ్మం దగ్గరా పిండి రుబ్బే మిక్సీల మోత వినిపించేది, తెల్లవారగానే ఎదుటి బిల్డింగు కూడా కనిపించనంత మంచులో మగవాళ్లంతా మంకీ క్యాపులు పెట్టుకుని, రాత్రి తేమకు గట్టిపడిన ఇసుకలో వికెట్లు పాతేవాళ్లు. ఆడవాళ్లు చాపలు పరిచి ఇడ్లీలూ, కొబ్బరి చట్నీ, మా అమ్మ కాల్చిన సర్వపిండీ డబ్బాల్లోంచి తీసేవాళ్లు, మూలనున్న కెఫెటేరియా నుంచి కాగితపు గ్లాసుల్లో యాలకుల వాసనేసే కరక్ చాయ్ వచ్చేది, పిల్లలం ఆగివున్న నీళ్ల ట్యాంకరు చుట్టూ దాగుడుమూతలాడేవాళ్లం. కరోనా ఏడాదంతా గదిలో తెర ముందు కూర్చుని చదివిన మాకు ఆ ఇసుకే ఊరు, ఆ ఇసుకే జాతర.

అయితే ఆ జాగా మాది కాదు. జుమ్మా నమాజు వేళకు పక్కనున్న మసీదుకు వచ్చేవాళ్లు కార్లన్నీ అక్కడే పెట్టుకునేవాళ్లు. అంటే పొద్దెక్కేలోపు మ్యాచు ముగియాలి. ఈ సంగతి బిల్డింగులో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. తెలిసీ మావాళ్లు ఏం చేసేవాళ్లు? మాట్లాడేవాళ్లు! టాస్ గెలిస్తే ఏం తీసుకోవాలో మాట్లాడి, గెలిచాక మళ్లీ మాట్లాడి, చాయ్ తాగుతూ మాట్లాడి, ఎనిమిది ఓవర్ల ఆటకు ఎనభై ఓవర్ల మాటలు. మా టీము పెద్దదిక్కు నాలుగో అంతస్తు సత్తిబాబు అంకుల్, కాకినాడ మనిషి, ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. ఆయన మడత కుర్చీ తెచ్చుకుని బౌండరీ పక్కన కూర్చుంటే ఇక లేచేది ఇడ్లీల కోసమే. బ్యాటు పట్టుకోగా నేను చూడలేదు గానీ, ఎవరు పట్టుకోవాలో మాత్రం ఆయనే చెప్పాలి.

ఆ రోజుల్లో ఓపెనింగ్ దిగేది మా బాపు మల్లేశం. జెబెల్ అలీలో ఒక కంపెనీ స్టోర్స్ చూసేవాడు, ఏ వస్తువూ లెక్క తప్పి బయటికి పోనివ్వని మనిషి, వికెట్‌నూ అలాగే కాపాడేవాడు. నడుముకు బెల్టు బిగించి, ఇసుకను చెప్పుతో చదును చేసి, బ్యాటును రెండుసార్లు తట్టి, వచ్చిన ప్రతి బంతినీ బుద్ధిగా ఆపేవాడు. ఔటయ్యేవాడు కాదు. పరుగులూ తీసేవాడు కాదు. ఎనిమిది ఓవర్ల ఆటలో ఔట్ కాని మనిషి టీముకు ఎంత ఆపదో, కూతుర్ని కాబట్టి అప్పుడు నోరు విప్పలేదు గానీ, ఇప్పుడు చెప్తున్నాను, చూస్తుంటే ఒళ్లు మండిపోయేది.

మా గంగాధర్ బాబాయి, బాపు సొంత తమ్ముడు, అక్కడికి దగ్గర్లోనే సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉండేవాడు. జగిత్యాల దగ్గర మా ఊళ్లో చదువు అబ్బక, ఇక్కడికొచ్చి బిల్డింగుల్లో ఇనుప సలాకలు కట్టే పనిలో చేరాడు. సెలవు దొరికిన శుక్రవారాలు మా ఇంటికొచ్చి, అమ్మ చేతి పచ్చిపులుసుతో కడుపునిండా తిని, నా జడ పట్టి లాగి, మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాడు. మైదానంలో ఆయన పని బంతులు ఏరుకొచ్చి ఇవ్వడం, అంటే ఫీల్డింగు. బిల్డింగులో ఉండేవాడు కాదు కదా, బ్యాటింగు వరసలో అందరికన్నా కింద ఆయన పేరు, అంతవరకు ఎప్పుడూ వచ్చేదే కాదు. ఒకే ఒక్క శుక్రవారం ఎవరో నిద్ర లేవక మూడో నంబరు ఖాళీ అయితే బాబాయిని పంపారు. నీళ్ల ట్యాంకరు మీదుగా బంతి ఎగిరి అవతలి రోడ్డున పడింది. తరువాతి బంతీ అంతే. అబ్బ, ఆ రోజు మా గంతులు చూడాలి!

గంతులేసినవాళ్లు ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటే బాగుండేది. మర్నాటి నుంచి బిల్డింగు రెండు ముక్కలైంది. లిఫ్టులో అదే, స్కూలు బస్సు దగ్గర అదే, కిరాణా కొట్లో పెరుగు డబ్బా చేతిలో పట్టుకుని అదే. వాట్సాప్ గ్రూపులో రోజంతా అదే. మల్లేశం గారి అనుభవం ముందు ఎవరూ నిలవరని కొందరు, గంగాధర్‌ని ఓపెనింగ్ దింపితే ఎదుటి బిల్డింగోళ్లు పారిపోతారని కొందరు. తమాషా ఏంటంటే, ఆ తరువాత వరసగా శుక్రవారాలన్నీ బాబాయికి సైటులో డ్యూటీ పడింది. ఆ మనిషి రానే లేదు. లేని మనిషిని దింపాలా వద్దా అని నెలల తరబడి కొట్లాట!

దీనికి తోడు మా ఇల్లు. మా అమ్మ అందరికన్నా గట్టి గంగాధర్ పార్టీ.

"నువ్వు గోడ లెక్క నిలబడుతవ్. గోడ పరుగులు తీస్తదా?" అనేది చపాతీలు వత్తుతూ.

"గోడ లేకపోతే ఇల్లుంటదా?" అని బాపు.

"ఇల్లెందుకు, మ్యాచ్ గెలవాలె."

బాపు మూతి ముడుచుకుని బాల్కనీలోకి పోయేవాడు. నేను హోంవర్కు మీద తలపెట్టుకుని, వీళ్లకు ఇంకో లోకం లేదా అని విసుక్కునేదాన్ని.

డిసెంబరులో రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. కొత్త ఏడాది నుంచి సెలవు శని, ఆదివారాలకు మారుతుందని ఒకటి. బాబాయి కంపెనీ పని అయిపోయింది, క్యాంపు ఖాళీ చేయిస్తున్నారు, ఆదివారం విమానానికి ఊరికి పంపేస్తున్నారని రెండోది. మళ్లీ వీసా దొరుకుతుందన్న ఆశ ఆయనకు లేదు. ఆఖరి శుక్రవారం ఎదుటి బిల్డింగుతో మ్యాచు, బాబాయికి ఆ రోజు ఖాళీ. గురువారం ఫోన్ చేసి, కొంచెం సిగ్గుపడుతూ, "వదినా, రేపు ఆట వీడియో కాల్‌ల మా శ్రీజకు చూపెడ్త అన్న. దానికి నేనాడుడు ఎట్లుంటదో తెల్వదు గద" అన్నాడు. శ్రీజ అంటే ఆయన కూతురు, అప్పటికి ఐదారేళ్ల పిల్ల. పుట్టాక తండ్రిని చూసింది ఎక్కువగా ఫోన్‌లోనే.

అమ్మ ఫోన్ పెట్టేసి బాపు వైపు చూసింది. "ఒక్కసారి పిల్లగానికి ఇయ్యరాదా?" అంది. పొద్దున బాపు బెల్టు ఎప్పటికన్నా బిగించి కట్టుకున్నాడు.

ఎదుటివాళ్లు ముందు బ్యాటింగు చేశారు. బాబాయి ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తి రెండు క్యాచులు పట్టాడు. మా వంతు వచ్చింది. బాబాయి, అమ్మ పక్కన చాపమీద కూర్చున్న నా చేతికి తన ఫోన్ ఇచ్చి, "గట్లనే పట్టుకో బిడ్డా, ఊపకు" అని, చేతులకు ఇసుక రుద్దుకుని బ్యాటు అందుకున్నాడు. తెరలో శ్రీజ, వెనక పిన్ని. సరిగ్గా అప్పుడు సత్తిబాబు అంకుల్ కుర్చీలోంచే చెయ్యెత్తాడు.

"ఒక్క నిమిషం అండీ. ఓపెనింగ్ ఎవరు దిగుతున్నట్టు? మనం అనుకోలేదు కదండీ."

అనుకోలేదట! నెలల తరబడి అనుకున్నది చాలక! అందరూ గుమిగూడారు. అటూ ఇటూ కేకలు, పాత మ్యాచుల లెక్కలు, వేళ్లు చూపించుకోవడాలు. బయటి మనిషిని ముందు దింపడం పద్ధతేనా అని ఒకాయన, బ్యాటింగు రానివాళ్లకే పద్ధతులని ఇంకొకాయన. మంచు విడిపోయి ఎండ నెత్తిమీదికొచ్చింది. బాబాయి గుంపుకు కాస్త ఎడంగా, బ్యాటును నేలకు ఆనించి, ఎవరు మాట్లాడితే వాళ్ల ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఫోన్‌లో శ్రీజ, "అక్కా, మా నాయిన ఎప్పుడు ఆడ్తడు?" అంది. ఇదిగో ఇప్పుడే అన్నాను. కొంచెంసేపటికి మళ్లీ అడిగింది, మళ్లీ అదే చెప్పాను. నా చెయ్యి లాగేస్తోంది, నాకు ఏడుపొస్తోంది.

అందరికన్నా విడ్డూరం ఏంటంటే, చివరికి బాపే ఉండబట్టలేక, "నేను దిగ. మా గంగన్ని పోనియ్యుండ్రి, ఇగ ఆపుండ్రి" అని అరిచాడు. గొడవ అక్కడితో ఆగాలి కదా? బాపు పార్టీవాళ్లకు రోషమొచ్చింది. మల్లేశం గారిని ఇలా అవమానించి పక్కన పెడతారా, మేం ఒప్పుకోం అని మొదలుపెట్టారు. ఎవరికోసం కొట్లాడుతున్నారో ఆ మనిషే వద్దంటుంటే!

మొదటి కారు వచ్చి లెగ్ సైడున ఆగింది. వెనకే ఇంకోటి. ఎదుటి టీము కెప్టెన్ హైదరాబాద్ మనిషి, పాపం చాలాసేపు ఓపిక పట్టాడు. వికెట్లు ఊడబెరికి చంకలో పెట్టుకుని, "ఖలాస్ భాయ్, యల్లా, అబ్ ఘర్ జాకే బాతా కరో" అని, మిగతా మాటలు ఇళ్లకు పోయి చెప్పుకోమని వెళ్లిపోయాడు.

బాబాయి ఒక్క బంతి కూడా ఆడలేదు. బ్యాటుకంటిన ఇసుక తుడిచి బాపుకు ఇచ్చి, నా దగ్గర ఫోన్ తీసుకుని, "కార్లచ్చినయ్ బిడ్డా, ఆట బందైంది" అని కూతురికి చెప్పాడు. అమ్మ కళ్లు తుడుచుకుంటుంటే, "ఏం గాదు వదినా, ఇడ్లీలున్నయా?" అన్నాడు. బాపు ఆ రోజు అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాడు. ఆదివారం బాబాయి వెళ్లిపోయాడు.

ఇప్పుడా ఇసుక జాగాలో తొమ్మిదంతస్తుల బిల్డింగుంది, కింద ఒక మందుల షాపు, ఒక సెలూను. శుక్రవారం నమాజు దాకా ఆఫీసులున్నాయి. మంచు ఇప్పటికీ పడుతుంది గానీ, దాంట్లో ఎవరూ వికెట్లు పాతరు. మేం షార్జాకు మారాం, సత్తిబాబు అంకుల్ కాకినాడలో ఇల్లు కట్టుకున్నాడు. టీము లేదు, బ్యాటు ఏమైందో తెలియదు. ఆ వాట్సాప్ గ్రూపు మాత్రం చావలేదు! నిన్న రాత్రి భోజనాల వేళ మళ్లీ మొదలైంది. ఆ రోజు గంగాధర్ ఓపెనింగ్ దిగుంటే గెలిచేవాళ్లమని ఒకరు, మల్లేశం గారే కరెక్టని ఒకరు. బాబాయి కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు, అన్నీ చదువుతాడు, ఒక్క మాట రాయడు. బాపు కళ్లజోడు పెట్టుకుని జవాబు కొట్టబోతుంటే నాకిక తిక్కరేగింది. ఫోన్ లాక్కుని బాబాయికి కలిపి స్పీకరు పెట్టి, "ఇప్పుడు అడుగు బాపూ. ఇన్నేళ్లు మీలో మీరే కొట్లాడుకున్నరు గద, ఒక్కసారి ఆయన్నడుగు" అన్నాను.

బాపు గొంతు సవరించుకున్నాడు. "గంగా, ఆనాడు నీకు ఓపెనింగ్ దిగాలనుండెనారా?"

అవతల బాబాయి నవ్వాడు. "ఓపెనింగేంది అన్నా. ఆఖర్ల దింపినా దిగుదును. బిడ్డ చూస్తుండె, రెండు బాల్సైతే సాలనుకున్న. నేను ఎన్నో నంబర్ల ఆడాల్నని మీరంత కొట్లాడిండ్రు గని, గంగా నువ్వేమంటవ్‌రా అని ఎవలన్న అడిగిండ్రా?"

స్పీకరు పెట్టిన ఆ ఫోన్ మీదే, ఒకదాని వెంట ఒకటి, గ్రూపులో కొత్త మెసేజులు పడుతూనే ఉన్నాయి.