బంతిపూలు తిరిగిన చోట

తుంగభద్రను ఈది ఆవలి గట్టు చేరాలన్న కోరిక నాకు ఎనిమిదేళ్లప్పుడు పుట్టింది. రాజోలిలో మా నాన్న పొద్దున ఈదుకుంటూ అవతలికి పోయి, చుట్టాలింట్లో అన్నం తిని, సాయంత్రం ఈదుకుంటూనే వచ్చేవాడు. అన్నకు ఈత నేర్పాడు. నాకూ నేర్పమని ఏడిస్తే, "ఆడపిల్లకు ఈతెందుకే? బిందె ముంచుకొస్తే చాలు" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పెళ్లయి గద్వాల వచ్చాను. చీరల దుకాణంలో బేరాలు చేశాను, పిల్లలను పెంచాను. ఆ కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు.

యాభైకి దగ్గరపడ్డాక మోకాళ్ల నొప్పులతో దవాఖానకు పోతే, డాక్టరమ్మ ఈత మంచిదంది. ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన పడీపడీ నవ్వి, "ముసలామెకు దసరా పండుగ" అన్నాడు. "ఔ, నాకు దసరానే! నీకేం నొప్పి?" అని ఆ ఆదివారమే రాజోలి బస్సెక్కాను.

అరవై దాటిన మా అన్న నవ్వలేదు. ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు తాడుతో నా నడుముకు కట్టి, తన పొలంలోని బావిలోకి దింపాడు. ఆ చలికాలమంతా ప్రతి ఆదివారం అదే పని. నీళ్లు మింగాను, తిట్టాను, తిట్లు తిన్నాను, చివరికి ఈత వచ్చింది. ఇక బుర్రలు తీసేస్తానంటే అన్న ఒప్పుకోలేదు.

"ఈత రాంగనే బుర్రలు బరువైనయా? ఏరు దాటేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్ననా? ఆవలి గట్టు దాక ఉండనీ."

నదికి పోయే ముందురోజు అన్నం వడ్డిస్తూ వదిన మెల్లగా అంది: "రేవుల పోయినేడు బర్రె మునిగి సచ్చింది. ఇసుక ట్రాక్టర్లు తోడి తోడి లోపల ఏం జేసినయో ఎవలకు ఎర్క?"

"బర్రె ముసల్ది. మా నాయన చూపిన రేవు నాకు తెల్వదా ఏంది?" అని అన్న కసిరాడు. వంతెన మీద బస్సులో అవతలికి పోయేవాళ్లను చూస్తే అన్నకు నవ్వు. నీళ్లు తెలిసినోనికి వంతెనెందుకు అనేవాడు. వదిన గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. నాకూ భయమేసింది. అయినా వద్దనే మాట నా నోటి నుంచీ రాలేదు.

పొద్దున్నే రేవుకు పోయాం. ట్రాక్టరు చక్రాల జాడలు ఒడ్డు దిగి నేరుగా నీళ్లలోకి పోయాయి. ఎప్పుడూ ఉండే కొంగలు ఒక్కటీ లేవు. ఏరు చప్పుడు చేయడం లేదు. నాన్న గుర్తులు అన్న మళ్లీ చెప్పాడు: వెనక మసీదు మినారు, ఎదురుగా ఆవలి గట్టు మీద జంట తాటిచెట్లు, రెండూ ఒక్క వరుసలో పెట్టుకుని నడిస్తే నడిమి పాయ దాకా నడుము లోతే. పాయ ఒక్కటి ఈదితే చాలు.

వదిన ఇచ్చిన పసుపు కుంకుమ, బంతిపూలు గంగమ్మకు వేశాను. అవి కొంతదూరం పోయి, కిందికి కొట్టుకుపోకుండా మా ఎదురుగానే ఒకచోట గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి.

"చూసినవా, పోతలేవు. గంగమ్మ ఒప్పుకున్నది" అన్నాడు అన్న సంతోషంగా. నేనూ దండం పెట్టాను. అంత బుద్ధిలేనిదాన్ని నేను. నీళ్లు ఊరికే సుడి తిరుగుతాయా?

అన్న ముందు, నేను వెనక. మోకాళ్ల లోతు, తొడల లోతు, నడుము లోతు. అన్న పూల దగ్గరికి పోయాడు. "ఈడ నేల..." అన్నాడు, అంతే. మనిషి లేడు. నా కాళ్ల కింద ఇసుక కూడా జారుతోంది. అన్న పైకి తేలాడు, పిక్క పట్టేసిందని అరిచాడు, మళ్లీ మునిగాడు.

బుర్రల ముడి ఎలా విప్పానో తెలియదు. అవి అన్న మీదికి నెట్టాను. రెండోసారి తేలినప్పుడు వాటిని కావలించుకున్నాడు. తాడు కొస నా చేతికి చుట్టుకుని ఈదాను. ఎటు ఈదుతున్నానో చూసుకోలేదు. ఇసుక తోడిన ఆ గుంత నుంచి దూరంగా పోవాలి, అంతే. వెనకనుంచి అన్న దగ్గు వినిపిస్తే బతికున్నాడనుకున్నాను. వినిపించకపోతే తాడు గుంజి చూశాను. నడుముకు బుర్రలు లేవన్న సంగతి కాళ్లకు నేల తగిలాకే గుర్తొచ్చింది.

తలెత్తితే జంట తాటిచెట్లు నా నెత్తి మీద ఉన్నాయి.

ఇసుకలో పడి ఇద్దరం చాలాసేపు లేవలేదు. అన్న పెదవులు నల్లబడ్డాయి. "దాటినవ్ గదనే" అన్నాడు. నాకు సంతోషం రాలేదు. భోరున ఏడ్చాను. ఇన్నేళ్లు ఈ ఆవలి గట్టు మీదే ఉంది నా మనసు. ఇప్పుడు ఇంటికీ నాకూ మధ్య ఆ ఏరు ఉంది. ఎక్కడ ఎంత లోతో తెలియకుండా, ఏమీ జరగనట్టే ఉంది.

అన్న కూడా దానికేసే చూస్తున్నాడు. బుర్రలను ఇంకా వదల్లేదు. నా ముఖం చూడకుండా అడిగాడు.

"చెల్లె, వంతెన మీద పోయే బస్సు ఏడ ఆగుతది?"